తవుడూ నూకా పక్కా

మేడ మీద అద్దెకున్న బ్యాంకు కుర్రాడికి
ఉన్నట్టుండి బదిలీ అయింది.
మంచం వ్యానెక్కింది, ఫ్రిజ్జెక్కింది,
పంజరం మాత్రం మా వరండాలో దిగిపోయింది.
"వారం రోజులే ఆంటీ" అన్నాడు.
ఏడు నెలలైంది.

గినీపిగ్గులట.
పందీ కాదు, ఎలుకా కాదు,
తోక పెట్టడం మర్చిపోయి పంపేసిన రెండు ప్రాణాలు.
గోధుమరంగు దాన్ని తవుడు అన్నాను,
తెల్లదాన్ని నూక.
కొత్తిమీర సంచి చప్పుడైతే చాలు
పాత సైకిలుకి బ్రేకేసినట్టు కీచుమంటాయి.

వీటికి పక్క ఏం వెయ్యాలి?
నరసాపురంలో అడిగితే చెప్పనివాళ్ళెవరు!

రైసుమిల్లు తాతబ్బాయి బస్తాడు ఊక దింపాడు.
వేలితో నొక్కాను, సూదిమొనలు.
అంతంత కళ్ళేసుకుని
ముక్కు నేలకానించి తిరిగేవాటికి
ఇదా పరుపు?

కోతమిల్లు జిలానీ పంపిన రంపప్పొట్టు
ఇల్లంతా కమ్మగా వాసనేసింది.
నూక వరసగా ఆరు తుమ్ములు తుమ్మింది.
ఎత్తి పారపోశాను.

అంబాజీపేట నుంచి ఆడపడుచు కొబ్బరిపీచు తెచ్చింది.
వద్దన్నాను.
పోగు సంగతి నాకు తెలుసు,
ఒక్కటి కాలికి చుట్టుకుంటే
లాగేకొద్దీ బిగుస్తుంది.

దాళ్వా గడ్డి వేస్తే నాలుగు రోజులకి బూజు.
డబ్బాలో ఉప్పే నీరైపోయే ఊరిది,
గడ్డిననుకుని ఏం లాభం?

పేపరు పరిచాను.
పొద్దున్నకి తడిసి ముద్దయింది,
నూక తెల్లటి పొట్ట మీద
వంద కౌంటు రొయ్య ధర అచ్చయింది.
రెండు రూపాయలు తగ్గినట్టుంది పాపం.

చెప్పడానికి సిగ్గే గానీ
ముచ్చటపడి ఒక లేసు ముక్క కూడా వేశాను.
నలభై ఏళ్ళుగా అల్లుతున్న చెయ్యి,
ఓడలెక్కి వెళ్ళి ఎవరి బల్లలమీదో పరుచుకునే పని.
తవుడు గోరు పువ్వు మధ్యలో ఇరుక్కుంది.
కత్తెర తెచ్చి
నా పువ్వు నేనే కోశాను.

పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ
గేదె దగ్గర్నుంచి లేచొచ్చి చెయ్యి కడుక్కుని
తవుడు కాలు తిప్పి చూపించింది.
అరికాలు ఎర్రగా కందింది.
"గట్టి నేలా తడి పక్కా అయితే పుండు పడుతుందండీ.
మెత్తగా ఉండాలి, పొడిగా ఉండాలి,
ఇంకా..."
"తెలుసమ్మా" అన్నాను.
నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

పదకొండు నెలలు.
రెండేసి గంటలకోసారి ఆయన్ని అటు తిప్పి, ఇటు తిప్పి.
దుప్పట్లో ఒక్క ముడత చాలు,
ఒక్క రొట్టెపొడి చాలు,
తెల్లారేసరికి నడుం మీద ఎర్రమచ్చ.
లేసుకి కాయలు కాసిన వేళ్ళు తడి చెప్పవు,
అందుకని చేతిని తిరగేసి
వెనకవైపు ఆనించి చూసేదాన్ని.

మంచం కింద పెట్టె
మూడేళ్ళ తర్వాత లాగాను.
ఫ్లానెల్ గుడ్డలు, నూలు దుప్పట్లు,
మడత పెట్టింది పెట్టినట్టే.
వేణ్ణీళ్ళలో రెండుసార్లు ఉడకేశాను.
మూడోసారి ముక్కుకానించుకున్నాను.
డెట్టాలు పోయింది.
అంతే.

అడుగున నాలుగు మడతల తువ్వాలు,
పైన ఫ్లానెలు,
పోగు లేవకుండా అంచులు మడిచి కుట్టాను.
రోజు విడిచి రోజు మార్పు.
ముసురు పట్టినప్పుడు ఫ్యాను కింద ఆరవు,
ఇస్త్రీపెట్టె పెట్టి ఆరబెడతాను.
చూసినవాళ్ళు నవ్వుతారు.
నవ్వనీ.

ఇప్పటికీ రాత్రి రెండింటికి మెలకువొచ్చేస్తుంది.
పిలిచేవాళ్ళు లేరు, కానీ వస్తుంది.
లైటు వెయ్యకుండా వెళ్ళి
చేతి వెనకవైపు ఆనించి చూస్తాను.
పొడిగానే ఉంది.

చీకట్లో నూక కదిలింది.
తనంతట తనే
అటు తిరిగి పడుకుంది.