టికెట్టు దూరని సందు

ఏలూరు రోడ్డు కొట్లో
రెండు బేస్ గిటార్లు దించాడు కుర్రాడు.
ఎర్రటిది, అద్దంలా, ఇరవై ఆరు వేలు.
మట్టిరంగుది పదిహేడున్నర,
అంచున ఎవరో గీరిన గీత.

"వాయించి చూడండి సార్."
ఆగు బాబూ,
ఆటోనగర్లో పదకొండేళ్లు లేతు మీద ఆడిన చెయ్యి ఇది,
చెవికంటే ముందు దీన్ని అడగాలి.

ఎర్రదాని మెడ వెంట బొటనవేలు జార్చాను,
ఫ్రెట్ల కొసలు రంపప్పళ్లు.
బిరడా తిప్పితే
పావు చుట్టు ఊరికే తిరిగి అప్పుడు పట్టుకుంది.
మెడ ఒంట్లోకి దిగేచోట
సిటీ బస్సు టికెట్టు పెడితే
సగం లోపలికి పోయింది.
"పాలిష్ చూడండి సార్!"
పాలిష్ సంగతి నాకు చెప్పకు,
కొలత తప్పిన రోజు మేమూ అదే పని చేస్తాం.

మట్టిరంగుదాని దగ్గర టికెట్టు మడతపడిందే గానీ దూరలేదు.
లావు తీగ ఒక్కసారి మీటాను, ప్లగ్గు లేకుండానే.
కట్టె నా కడుపుతో మాట్లాడింది.
కుర్రాడేదో అంటున్నాడు.

ఏడో ఫ్రెట్టు దగ్గర కాస్త గరగర.
ఉండనీ, మెడలో కడ్డీ కొంచెం బిగిస్తే పోయేదే.
సంచికి ఐదొందలన్నాడు, మూడొందలకి దిగాడు.

ఇంటికెళ్లగానే సువార్త
మొదట ఆ గీతనే చూస్తుంది.
బెంజి సర్కిల్ దాటింది బస్సు,
ఏం చెప్పాలో ఇంకా కుదరలేదు.