బలపపు రాయి

చర్లపల్లి ఫేజ్ టూ, మా ల్యాబు బల్ల మీద
గోనెసంచి విప్పాడు గౌస్ మియా.
"కొత్త క్వారీ మాల్ మేడమ్. మస్తు నరమ్ ఉంది, చూడండి."

గోరుతో గీశాను. గీత పడింది.
చిన్నప్పుడు నమిలిన బలపాల రుచి
నాలుక మీదికొచ్చింది, అమ్మ వేసిన మొట్టికాయతో సహా.

సేఠ్ ఫోను ఆగదు.
తెల్లదనం తొంభై రెండు దాటితే పౌడర్ కంపెనీకి,
దాటకపోతే పెయింటుకి,
అదీ కాకపోతే టైర్లకి.
రాయికి పెళ్లి సంబంధాలు చూస్తున్నట్టే మాట్లాడతాడు.

తొంభై నాలుగు వచ్చింది.
ఫోనులోనే మిఠాయి పంచాడు.

సాయంత్రం, కరెంటు పోయి వచ్చాక
మైక్రోస్కోపులో మళ్లీ చూశాను.
పలకలు పలకలుగా పొరలు. వాటి మధ్య
ఒకటి, ఇంకొకటి,
సన్నని సూదులు.
ఊపిరి బిగబట్టాను, అద్దానికి ఇవతలే ఉండి కూడా.

గుమ్మంలో గౌస్ మియా బీడీ వెతుక్కుంటున్నాడు.
కనుబొమ్మలు, చెవి మడతలు, చొక్కా జేబు
అంతా పిండి.
ఇరవై మూడేళ్ల మిల్లు.
దగ్గి, "దుమ్మే కదా మేడమ్" అన్నాడు.

రిపోర్టులో ఒక గడి మిగిలింది.
మళ్లీ సేఠ్ ఫోను.
మోగనిచ్చాను.
పెన్ను గట్టిగా నొక్కి రాశాను,
కింది కార్బన్ కాపీలో కూడా పడేలా.