కింద ఎవ్వరు చూస్తరు

ఇరవై రెండేండ్ల ఓమ్నీ.
పోయిన ఏడాదే రంగేయించిన, తెల్లగ.
సీట్లకు కొత్త కవర్లు. ముందట నిమ్మకాయ, మిరపకాయలు.
ఎనక డోరు మీద పెయింటర్ భూమయ్య
పసుపుతోని రాసిండు: నిదానమే ప్రధానం.

తెల్లారుజామున గుడిమల్కాపూర్‌ల ఎక్కించిన
ఆరు మూటల బంతి, రెండు మూటల చామంతి,
తడిగోనెల చుట్టిన గులాబి కట్టలు.
ఎవరిదో పెండ్లి. ఆరింటికల్ల మండపం కాడుండాలె.

బంజారాహిల్స్ ఎక్కుడు బాగనే ఎక్కింది.
పన్నెండో నంబరు రోడ్డు దిగుడుల
బ్రేకు తొక్కిన.
కాలు పోయి అడుగున తగిలింది.
ఇంకోపారి. ఇంకోపారి.
ఎండకాలం బోరింగు కొట్టినట్టు కొట్టిన,
గాలి తప్ప ఏం రాలే.

మూడు నుంచి రెండుకేసిన, ఇంజను మొత్తుకున్నది.
హ్యాండ్‌బ్రేకు గుంజితే బండి నడుము తిప్పింది.
ముందట డివైడర్ పక్కన
రేడియం పట్టీల కోటేసుకొని ఊడుస్తున్నదొకామె.
లైట్లల్ల నన్ను చూసింది.
ఉరకలే.
చీపురు అడ్డం పెట్టింది,
బండిని గూడ అండ్లకే ఊడుస్త అన్నట్టు.

ఎడమకు కోసిన.
కట్టే ఇంటి ముందట ఇసుక కుప్ప.
మూటలన్ని వచ్చి మెడ మీద పడ్డయి,
నోట్లె బంతి రెక్కలు, చేదు.

ఆమె వచ్చి అద్దంల మొకం పెట్టింది.
"తాగినవా?"
తాగలేదమ్మా.
వాసన చూసింది. పూల వాసనే.
అయినా నమ్మినట్టు కనపడలే.

మూసాపేట్‌ల ఖలీల్ భాయ్ బండి కింద గోనె పరిచి
నన్ను గూడ పండుకొమ్మన్నడు.
ఫోను లైటుల చూపిచ్చిండు:
ఇరుసు మీదికెంచి పోయే సన్నని పైపు,
మూసీ నీళ్లు మా గల్లీల మూడు దినాలు నిలిచిన నాటి బురద
దాని మీద ఇంకా అట్లనే.
గోటితోని గీకిండు,
మాడిన అప్పడం లెక్క పెచ్చులు రాలినయి.
కింద సూది మొనంత బొక్క.
"ఇది ఒకటి గాదు. ముందరి దానికి గూడ ఉన్నది.
షూలు రెండుసార్లు మార్చినవ్.
పైపు ఎన్నడన్న చూసినవా?"

చూడలే.
నెలల రెండుసార్లు బ్రేకాయిల్ పోసిన,
ముసలిది తాగుతున్నది అనుకొని నవ్విన.
ఇంటి ముందట బండల మీద తడి మరక,
చంద్రకళ కడిగి, పోకపోతే
దాని మీదనే ముగ్గేసింది.

నాలుగు పైపులు, ఆయిలు, కూలి,
మూడు వేల ఎనిమిది వందలు.
రంగుకు ఎంతయిందో
ఖలీల్ అడగలే, నేను చెప్పలే.

ఇప్పుడు రాత్రిపూట టార్చి పట్టుకొని
బండి కింద వంగి చూస్త.
"ఏం పడిపోయింది?" అంటది చంద్రకళ.
ఏం పడలే. పడుతున్నదేమో అని.

మొన్న మళ్ల అదే దిగుడు, అదే పూలు.
ఆమె ఊడుస్తనే ఉన్నది.
తెల్ల ఓమ్నీని దూరంకెల్లే గుర్తుపట్టి
చీపురు చంకల పెట్టుకొని
డివైడర్ ఎక్కి నిలబడ్డది.
నేను పోయేదాక దిగలే.

నా కాలు బ్రేకు మీదనే ఉన్నది.
ఆమెకెట్ల తెలుస్తది.