గుడి కట్టని చంద్రులు

డబ్బా వచ్చిన రోజు కరెంటు లేదు.
జనరేటరు కుర్రాడు టీకి పోయాడు.
భూమి అడుగున ఎక్కడో, ఓడ దిగిన వాళ్ళు
తొలిచి తెచ్చిన మంచు.
బరంపురంలో, మే నెలలో, మా మూడో అంతస్తులో
ఫ్రీజరు తలుపు సందుకి నా చున్నీ కుక్కి
గంటన్నర కాపలా కాశాను,
దాని ఒళ్ళు వేడెక్కకుండా.

ఆ మంచుకి మనం తెలీదు.
కోర్టుపేట మందుల కొట్టు తెలీదు,
చీటీ అడక్కుండా 'ఎర్రదా, పసుపుదా' అనే
కొట్టు బాబు తెలీదు.
రొయ్యల చెరువుల్లో మేతతో కలిపి చల్లే
తెల్లపొడి వాసన తెలీదు.
అనుకున్నాను: ఎరగని పిల్ల,
మొదటి దెబ్బకే పడిపోతుంది.

చెయ్యాల్సింది చిన్న పనే.
పళ్ళెం నిండా పురుగును పూసి
మీద మందు బిళ్ళలు పెట్టాలి, ఆరు.
మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం తేరుకుంటుంది,
చంద్రుడికి గుడి కట్టినట్టు.
మా గోపాలపురం ఒడ్డున అప్పమ్మ
ఆ గుడి చూసే వలలు తడపాలో వద్దో చెప్పేది.
నేను స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తాను.
వంశం మారలేదు, జీతం వస్తోంది, అంతే.

తొమ్మిది రోజులు చల్లటి అరలో ఉంచి తీశాను.
ఆరు చంద్రులు.
నాలుగింటికి గుడి లేదు.
బిళ్ళ అంచు దాకా వచ్చి ఆనుకుని
హాయిగా పెరిగింది, పాలమీగడలా.

పక్కన ఇంకో పళ్ళెం. అది ఒక్క రాత్రిది.
సూరాడ దానయ్య, ఐసు ఫ్యాక్టరీ, ఎడమ కాలు.
దిమ్మ లాగే కొక్కెం పిక్కలో దిగి నెలన్నర.
'నాలుగు మాత్రలేసినాను, నొప్పి తగ్గింది, మానేసినాను.
మళ్ళీ వొచ్చింది, మళ్ళీ నాలుగు.'
ఆరు చంద్రులు. ఐదింటికి గుడి లేదు.

పాఢి మేడమ్ రెండూ వెలుతురుకి పట్టి చూసింది.
మనిషి మందు కనిపెట్టక ముందే
బూజుకీ పురుగుకీ మట్టిలో యుద్ధాలున్నాయంది,
దొంగ పుట్టక ముందే తాళం పుట్టిందంది.
మరి ఇది ఆ పాత తాళమేనా,
లేక ఓడల మురుగుతో, పక్షుల రెట్టతో
మనం పంపిన కొత్తదా?
మేడమ్ కళ్ళజోడు తుడుచుకుంది.
'తెలీదు, పుణ్యవతీ. రాసుకో, తెలీదని.'
రాసుకున్నాను.

దానయ్య రిపోర్టుకి తనే వచ్చాడు,
కాలికి పాలిథిన్ సంచి కట్టుకుని, కుంటుతూ.
ఏం చెప్పాలో తోచక మంచు సంగతి చెప్పాను.
అంత చలిలో, అన్నేళ్ళు, చావకుండా ఎలా ఉంటాయో
నాకే నమ్మకం కుదరలేదన్నాను.

నవ్వాడు. ముప్పయ్యేళ్ళుగా
చేపల మీద ఐసు కొడుతున్న మనిషి.
'ఐసు సంపదమ్మా.
ఐసు ఆపుతాది, అంతే.
పెట్టి మూత తీసి గంట ఎండలో ఉంచు,
ఆపినదంతా ఎక్కడాగిందో అక్కడి నుంచే మొదలెడతాది.
మాకిది కొత్తా?'

నా దగ్గర జవాబు లేదు.
రిపోర్టులో ఐదు చోట్ల ఆర్ అని ఉంది,
ఒక్కచోట ఎస్.
ఆ ఒక్కటీ సూదిమందు, రోజుకి మూడు పూటలు,
పద్నాలుగు రోజులు, మధ్యలో మానకూడదు.
నొప్పి తగ్గినా? అన్నాడు.
నొప్పి తగ్గినా, అన్నాను.
వేళ్ళ మీద లెక్క వేసుకుంటున్నాడు.
రోజులు కావు, కూలి.

వాడు వెళ్ళాక రెండు పళ్ళాలూ
ఒకే ఎర్ర సంచిలో వేసి ఆవిరి కుక్కరుకి ఎక్కించాను.
అందులో ఏదీ బతకదు, అది మాత్రం గట్టిగా తెలుసు.
చున్నీ ఇంకా ఫ్రీజరు తలుపుకే ఉంది.
తీయబోయి ఆగాను,
సాయంత్రం మళ్ళీ కరెంటు పోతుందన్నారు.