లాభం, రెండు, మూడు

ఈ ఊరి పేరు సజ్జా.
సజ్జలు పండవు ఇక్కడ.
రోజూ పొద్దుగూకంగ బస్సులు వచ్చి
మనుషుల్ని కుప్పవోసి పోతయి.

షార్జా పొలిమేర, క్యాంపు నంబరు తొమ్మిది,
మా కారిడార్ల నలభై ఎనిమిది మంది, మూడు బాత్రూములు.
నాలుగున్నరకు బస్సు.
లెక్క మీరే చూసుకోండ్రి.

రోల్లాల కొన్న పాత లాప్‌టాప్, నూట ఎనభై దిర్హాములు.
కోలన్ మీట ఊడిపోయింది,
ప్రతి సారి ఇంకో దిక్కు నుంచి నకలు తెచ్చి అతికిస్త,
అంగీకి గుండీ అరువు తెచ్చుకున్నట్టు.
పై మంచం మీద, దుప్పటి కింద,
ఫోన్ల పాఠం ఇనుకుంట రాసిన మొదటి ప్రోగ్రాం
బాత్రూం లైను.

పాఠం చెప్పేటామె అన్నది,
చదివితే రాదు, ఏదన్న కట్టు.
కట్టుడు నాకు కొత్తనా?
ఆరేండ్ల సంది ఇనుప చువ్వలకు తీగ చుట్టి చుట్టి
నా వేళ్లు నిద్రల గూడ ముడేస్తయి.

పేర్లన్ని ఒకదాని మీద ఒకటి పెట్టిన,
మెస్సుల కంచాలు పేర్చినట్టు.
తెల్లారంగ మీట నొక్కితే
ఆఖరుకు లేచిన తిలక్ బహదూర్‌ను ముందుగాల పిలిచింది.
రెండున్నరకే లేచి కూసున్న పోశెట్టి మామ
బకెటు పట్టుకొని నా దిక్కు చూసిండు.
"ఏందిరా, ముందొచ్చిన చెవులకన్న
వెనకొచ్చిన కొమ్ములు వాడయినయా?"
దాన్ని స్టాక్ అంటరని ఆ మధ్యాహ్నం తెలిసింది,
పదకొండో అంతస్తుల,
నీళ్ల సీసా మూత తిప్పుతుంటే.

కొమ్ములు కోసేసిన.
వచ్చిన వరుసలనే పిలిచేటట్టు మార్చిన.
నలభై ఏడు మంది స్నానాలు చేసిండ్రు.
మిగిలిన ఒక్కడు
అందరికన్న ముందు నిలబడ్డోడు.

నేను ఒకటి నుంచి పిలువుమన్న.
మెషిను సున్న నుంచి రాసుకున్నది.
సున్న మీదున్న పోశెట్టి మామ పేరు
దాని నోట్లెనే ఉండిపోయింది.
బస్సు వోయింది.
తప్పు ఒక్క అంకె.
దిద్దుడు గూడ ఒక్క అంకెనే.
ఆ రెంటి నడుమ నలభై దిర్హాములు,
మామ జీతంల కోత.

ఏమనాల్నో తెల్వక ఆయన మంచం కాడికి పోతె
కాళ్లు చాపుకొని నవ్వబట్టిండు.
"మీ తాత వడ్లు కొలువంగ చూడలేదారా?
మొదటి కుంచం పోసి ఒకటి అనడు,
లాభం అంటడు.
లాభం, రెండు, మూడు…
ఏడు అంటే ఏడుపు, ఆరున్నొకటి అంటడు.
నీ మెషినుకు కల్లం తెలుసు.
నీకే తెల్వదు."

మా క్యాంపు బాసు మిస్రీ మనిషి,
హాజరు పుస్తకంల సున్నకు ఉత్త చుక్క పెడతడు.
ఇన్నేండ్లు అది సిరా మరక అనుకున్న.

ఇప్పుడు తెర మీద సున్న ఉన్న చోట
లాభం అని పడుతది.
పెషావర్ వెల్డరు గుల్జమాన్ గూడ
పండ్లు తోముకుంట అడుగుతడు,
"ఆజ్ లాభం కౌన్?"

తనను తానే పిలుచుకునే ఫంక్షను మటుకు
ఇంకా తలకెక్కలే.
శుక్రారం ఫోన్ల నా కొడుకు "నాయినా" అంటడు,
నేను "చెప్పు నాయినా" అంట,
వాడు "నువ్వే చెప్పు నాయినా" అంటడు,
గట్లనేనా అది?
ఎక్కడ ఆగాల్నో ముందే రాయకుంటే
ఆగనే ఆగదట.
మాది బ్యాలెన్సు అయిపోతే ఆగుతది.

నిన్న నాలుగింటికి నల్లల నీళ్లు రాలే.
తెర దాని పాటికి అది పేర్లు పిలుచుకుంట పోయింది,
లాభం, రెండు, మూడు,
ఒక్కొక్కలు లోపటికి పోయి
ఉత్త బకెటుతోటి బయటికొచ్చిండ్రు.
ఆరున్నొకటి దగ్గర పోశెట్టి మామ నా దిక్కు చూసిండు.

నీళ్లు లేకుంటే ఏం చెయ్యాల్నో
నేనింకా రాయలేదు.