తప్పు చెవి

డాన్ ఎలియోదోరో ఇచ్చిన మిక్సర్‌కి ఎడమ మీట వదులు.
ముప్పై ఏళ్ళు పెళ్ళిళ్ళలో అరిగిన మీట.
గట్టిగా నెడితే జారిపోతుంది,
మెల్లగా నెడితే గరగరమంటుంది.
ఆ రెంటి నడుమ వెంట్రుకవాసి చోటుంది,
అది నా బొటనవేలికి తెలుసు, నాకు తెలీదు.

వల్‌పరైసో కొండ మీద రేకుల ఇల్లు, పైగది.
ఇస్త్రీబల్ల మీద మిక్సర్.
అటొక టర్న్‌టేబుల్, ఇటొకటి,
వాటి కాళ్ళ కింద సగానికి కోసిన టెన్నిస్ బంతులు,
మలుపులో బస్సు ఎక్కినప్పుడల్లా ఇల్లు వణుకుతుంది మరి.
ల్యాప్‌టాప్ కుర్చీలో, దిండు మీద,
జ్వరమొచ్చిన పిల్లలా.
స్పీకర్లు లేవు. కింద దోన్యా ఎడెల్‌మీరా ఉంది.

మొదటి వారమంతా చెవిలో జోరీగ.
పాట ఆగినా అది ఆగదు.
వైర్లు మార్చాను, ప్లగ్గులు మార్చాను,
ఫ్రిజ్ ఆపి పాలు విరగ్గొట్టుకున్నాను.
చివరికి విసిగి ఛార్జర్ పీకేస్తే
ఠక్కున నిశ్శబ్దం.
అలా నా సంగీతానికి ఆయుష్షు ఖరారైంది:
ముసలి బ్యాటరీ, యాభై ఏడు నిమిషాలు.

రెండో వారం ఎర్రదీపం.
వెలుగుతుంటే పండగలా ఉందనుకున్నాను.
తెర మీద చూస్తే
అలల తలలన్నీ కత్తెరేసినట్టు చదును.
"పాలు కాచడం రాదా నీకు?" అన్నాడు ఎలియోదోరో.
"గిన్నె నిండా పోస్తే పొంగేదెక్కడికి?"

పగలు నా ఉద్యోగం కొండ లిఫ్టు దగ్గర.
ఒకే తాడుకి రెండు పెట్టెలు,
ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతుంది,
సగం దారిలో ఒక్క క్షణం కిటికీకి కిటికీ ఎదురు.
పదకొండేళ్ళుగా ఆ క్షణాన్ని
ఇంజను గదిలోంచి వినడమే గానీ చూడలేదు.

మూడో ఆదివారం అన్నీ కుదిరాయి.
కుంబియాతో మొదలుపెట్టాను, తాపీగా.
ఇరవై మూడో నిమిషంలో
అకార్డియన్ వెళ్తోంది, డ్రమ్ము వస్తోంది,
ఏది ఏదో నాకే తెలియని పదకొండు సెకన్లు.
వేళ్ళు వణికాయి.
బ్యాటరీ తొమ్మిది శాతం ఉండగా ఆపేశాను,
సేవ్ చేసి, నీళ్ళు తాగి, విన్నాను.

పాట లేదు.

మిక్సర్ వైరు తగిలించే ఉంది.
ల్యాప్‌టాప్ మాత్రం తన సొంత మైకుతో విన్నది.
మిక్సర్ మాట దానికి చేరనే లేదు,
గది మాటంతా చేరింది.

మీట టకటకలు. నా మడమలు చెక్క నేల మీద.
కింద నుంచి చీపురు కర్రతో మూడు దెబ్బలు,
కాసేపాగి ఇంకో మూడు, కోపం తగ్గి.
రికార్డు మీద సూది తనలో తాను పాడుకునే సన్నపాట,
మూత బిగించిన డబ్బాలో దోమలా.
రెండు సూదులూ ఒక్కసారే పాడుతున్నాయి అక్కడ.
నేనంత కష్టపడి నెట్టిన మీట
ఆ గదిలో ఎవరికీ పట్టలేదు.

ప్రతి మార్పు ముందూ ఎవరిదో గొంతు,
"ఇప్పుడు... ఆగు... ఇప్పుడు."
నాదే.
లిఫ్టు దగ్గరా ఇలాగే అంటానా?
రోజుకి ఎంతమంది విని నవ్వుకుని దిగిపోయారో.

సరిగ్గా ఇరవై మూడో నిమిషంలో
వీధిలో గ్యాస్ బండి కుర్రాడు
ఇనపకడ్డీతో సిలిండర్ మీద కొట్టాడు.
ఖంగ్... ఖంగ్.
నా తాళానికి అరమాత్ర వెనక.
పదకొండు సెకన్లు. తర్వాత మలుపు తిరిగిపోయాడు.
హెడ్‌ఫోన్లలో ఉన్న నేను అతన్ని విననే లేదు.

మంగళవారం మళ్ళీ చేశాను.
ఈసారి ఇన్‌పుట్ రెండుసార్లు చూసుకున్నాను.
శుభ్రంగా వచ్చింది, ఎరుపు లేదు, జోరీగ లేదు.
ఎలియోదోరో విని "పొంగలేదు" అన్నాడు,
ఆయన నోట అది పెద్ద మాటే.

కానీ ఇరవై మూడో నిమిషం రాగానే
బొటనవేలు మీట మీద ఆగింది,
అరమాత్ర సేపు, దేనికోసమో.
వింటే తెలుస్తుంది, ఆ చోట చిన్న గుంట.

గ్యాస్ కుర్రాడు ఆదివారమే వస్తాడు.