బోర్లా

మోతీనగర్‌లో మూడో అంతస్తు.
కిటికీ లేని బాత్రూం, ఆర్నెల్లుగా తిరగని ఎగ్జాస్ట్ ఫ్యాను.
ఆదివారం చుట్టాలొస్తారని
సైకిలు మీద అమ్మే అతని దగ్గర ఆసిడ్ కొన్నాను,
చీటీ లేని కూల్‌డ్రింక్ సీసాలో.
"బ్లీచింగ్ కూడా వెయ్యి మొగులమ్మా, మరకలు పోవాలి."
పోయాయి.

కొంగు నోట్లో కుక్కుకుని బయటికొచ్చింది.
"గొంతుల మిరపకాయ కాలుతున్నట్టుందమ్మా."
నీళ్లిచ్చాను. ఫ్యాను కింద కూర్చోబెట్టాను.
తగ్గిందంది. చీపురు కడిగి గోడకు ఆనించి మరీ
బోరబండ బస్సెక్కింది.

తగ్గడం కాదట అది.
ఆ గాలి ఊపిరితిత్తుల అడుక్కి దిగి
రాత్రంతా నీరు ఊరించిందట.
ఎర్రగడ్డ ఆసుపత్రిలో ఆ చిన్న డాక్టరమ్మ
ఎక్స్‌రేని ట్యూబ్‌లైటు కెదురుగా పట్టింది.
నల్లగా ఉండాల్సిన చోటంతా తెలుపు.
నా టైల్స్ కూడా అంత తెల్లబడలేదు.

"ఏమేం కలిపింది?"
పేర్లు చెప్పాను. "కలిపింది" అనే చెప్పాను.
కలిపించాను అనలేదు.
రెండక్షరాల తేడా,
కేసు కాగితంలో అది పట్టే చోటు లేదు.

గొంతులోకి గొట్టం వేశారు.
మూడోనాటి రాత్రి నలుగురు చేరి
దుప్పటి కొసలు పట్టుకుని, ఒకటి, రెండు, మూడు,
ఆమెను బోర్లా తిప్పారు.
వీపువైపు మూసుకుపోయిన గదులు
అలా తెరుచుకుంటాయట.

బోర్లా పడితే బొబ్బట్లు.
ఐదేళ్ల కిందట మా వాడు పడ్డ రోజు
మెట్లెక్కి దిగి అన్ని ఇళ్లకూ పంచింది తనే.
ఇప్పుడు యాభై రెండేళ్ల మనిషి
పదహారు గంటలుగా బోర్లా,
చెంప కింద చుట్టిన తువ్వాలు.
మిషను ఎనభై ఏడంది. ఎనభై ఏడంది.
తెల్లారుజామున తొంభై ఒకటి.
గాజు తలుపు బయట ఆమె కూతురు సుకన్య
నా చెయ్యి పట్టుకుంది.
వదిలించుకోలేక, పట్టుకోలేక ఉన్నాను.

నెల తిరిగాక జనరల్ వార్డు.
చేతిలో మూడు గోలీల ప్లాస్టిక్ డబ్బా.
పీలిస్తే గోలీ లేవాలి.
ఒకటి లేచింది. రెండోది కదిలింది, పడిపోయింది.
మూడోది ఇక లేవకపోవచ్చని డాక్టరమ్మ నాతో విడిగా అంది.

నన్ను చూసి డబ్బా పక్కన పెట్టింది.
ముక్కకీ ముక్కకీ మధ్య ఆగుతూ అడిగింది:
"ఆ సీసా... పారేసినవా అమ్మా?
పిల్లగాడు... నీళ్లనుకుంటడు."

సింకు కింద, సగం నిండి,
అక్కడే ఉంది.